వియ్యంకుడి ఛాతీ మీద రెండు చేతులు

పదకొండూ ఇరవైకి ముహూర్తం. పదీ నలభైకి మగపెళ్లివారి పెద్దాయన అలిగారు.

అలిగారని ముందుగా కనిపెట్టినవాడు ఆయన బావమరిది గంగాధరరావు. కనిపెట్టినవాడు నోరు మూసుకుని ఊరుకుంటే ఏ గొడవా ఉండకపోను. వంటవాళ్ల దగ్గరా, షామియానా కిందా, మెట్ల మీదా ఎదురైన ప్రతివాళ్లకీ "మా బావ అలిగాడండి" అని చెప్పుకుంటూ వచ్చి, అందరికన్నా ఆఖర్న రమణమూర్తికి చెప్పాడు. రమణమూర్తి అంటే పెళ్లికూతురి తండ్రి. ఆ వేళ నిశ్చితార్థం పెందుర్తిలో ఆయన ఇంట్లోనే.

"ఏటి? అలిగారా? దేనికండీ?" అన్నాడు రమణమూర్తి. చేతిలో ఉన్న తాంబూలాల పళ్లెం ఒక పక్కకి ఒరిగి రెండు వక్కలు దొర్లిపోయాయి.

"అదే తెలీదండి. తెలిసిపోతే ఇంకా అలకెందుకవుద్దండి?" అన్నాడు గంగాధరరావు ఎంతో గర్వంగా. "మా అక్క పెళ్లిలో కూడా అలిగాడండి మా బావ. రెండ్రోజులు. ఎందుకో మాకిప్పటికీ తెలీదండి, ఆయ్."

రమణమూర్తి వంగి వక్కలు ఏరుకున్నాడు. స్టీల్ ప్లాంటు పంపుహౌస్‌లో ఇరవై తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. ఏ పంపు ఎందుకు మూలుగుతోందో గోడ అవతల నిలబడి చెప్పగలడు. మనుషులు ఎందుకు మూలుగుతారో మాత్రం ఎదురుగా కూర్చోబెట్టి చెప్పినా బుర్రకెక్కదు. అందులోనూ వీళ్లు గోదావరి జిల్లావాళ్లు. సంతోషమొస్తే "అండి" అంటారు, కోపమొచ్చినా "అండి" అనే అంటారు, ఇక మనం కనిపెట్టేదెలా? కూతురు సత్యశ్రీ మద్దిలపాలెంలో తనతోపాటు ఒకే ఆఫీసులో పనిచేసే సందీప్‌ని చేసుకుంటానన్నప్పుడు ఆయన భయపడింది ఈ ఒక్క విషయానికే. పిల్లాడు బంగారం. వాళ్ల నాన్న నరసింహమూర్తిగారు పోర్టులో ముప్పై అయిదేళ్లు చేసి రిటైరైన పెద్దమనిషి, చొక్కా మీద ముడత ఉండదు, మాటలో తప్పుండదు. అలాంటి మనిషితోటే చచ్చే చావు.

భార్య గౌరీశ్వరి మూడు వారాల నుంచీ ఒకటే పోరు. "ఆళ్లతో మెల్లగా మాటాడు. ఆళ్లెవులూ పంపుహౌస్‌లో పుట్టలేదు." నిజమే. మోటార్ల హోరులో అరిచి అరిచి రమణమూర్తికి "ఉప్పు అందుకో" అన్నా వీధి చివరికి వినపడేలా అనడం అలవాటైపోయింది. ఆ వేళ పొద్దున్నుంచీ గొంతు తగ్గించి తగ్గించి గొంతునొప్పి తెచ్చుకున్నాడు. అంత కష్టపడితే, ఇదిగో, అలక.

అలకకి కారణం వెతకడం మొదలైంది. ఒకావిడ కాఫీ అంది. అందరికీ స్టీలు గ్లాసుల్లో ఇచ్చి ఆయనకి కాగితం కప్పులో ఇచ్చారట, ఆయన ఒక్క గుక్క తాగి కప్పు కిటికీలో పెట్టేశారట. ఇంకొకాయన ఫ్లెక్సీ అన్నాడు. గుమ్మం దగ్గర కట్టిన ఫ్లెక్సీలో వియ్యంకుడి ఫొటో కన్నా క్యాటరింగువాడి ఫోన్ నంబరు పెద్దగా పడిందట. కాదు, కుర్చీ అన్నాడు మూడో ఆయన, అంత పెద్దమనిషికి ప్లాస్టిక్ కుర్చీ వేశారట. పంతులుగారు కూడా ఒక కారణం చెప్పబోయారు గానీ గౌరీశ్వరి చూసిన చూపుకి సంచీ సర్దుకోవడంలో పడ్డారు.

"ఎల్లు. అన్నిటికీ కలిపి ఒకేసారి దండం పెట్టీసి రా" అంది గౌరీశ్వరి మొగుడితో. "ఈ సంబంధం గాని సెడిందో, మన గుంట మొహం నాను సూళ్లేను."

ఆ మాటకి రమణమూర్తి కూతురి వైపు చూశాడు. సత్యశ్రీ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, గాజులు సవరించుకుంటూ, తలుపు చాటు నుంచి వాళ్ల వైపే చూస్తోంది. తండ్రి దగ్గరికొచ్చి ఏమీ అడగలేదు. అడిగినా బాగుండును.

నరసింహమూర్తిగారు ముందుగది పక్కనున్న చిన్నగదిలో ఉన్నారు. పళ్ల బుట్టలూ స్వీట్ల పెట్టెలూ పెట్టిన గది అది. రమణమూర్తీ గంగాధరరావూ లోపలికెళ్లేసరికి ఆయన భార్య వెంకటరమణమ్మగారు ఎదురొచ్చింది. "మంచినీళ్లు అడిగారండి, తెస్తాను" అంటూ వంటల వైపు వెళ్లింది. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో తల వాల్చుకుని కూర్చున్నారు. కళ్లు సగం మూసి ఉన్నాయి. మొహం చెమటతో తడిసిపోయి ఉంది.

రమణమూర్తి చేతులు కట్టుకున్నాడు. గొంతు వీలైనంత తగ్గించాడు.

"బావగారూ, కాగితం కప్పు మా తప్పేనండి. ఇప్పుడే వెండి గ్లాసులో తెప్పిస్తాను."

ఆయన తల ఇంకొంచెం కిందికి వాలింది.

"ఫ్లెక్సీ కూడా ఊడపీకించేస్తానండి. క్యాటరింగువాణ్ణి తర్వాత సూసుకుంటాను."

నరసింహమూర్తిగారి గొంతులోంచి గుర్రుమని ఒక చప్పుడొచ్చింది. భుజాలు ఒక్కసారి ఎగిరి పడ్డాయి.

"చూశారా, ఎలా బుసకొడుతున్నాడో! నేను చెప్పలేదండి?" అన్నాడు గంగాధరరావు గుసగుసగా. "ఆ కుర్చీ సంగతి కూడా అనెయ్యండి, పనిలో పని."

రమణమూర్తి కుర్చీ సంగతి ఎత్తుకోబోయి ఆగాడు. చెవి ఆ చప్పుడు దగ్గర ఆగిపోయింది. మనిషి మాట అర్థం కాని చెవికి ఆ చప్పుడు మాత్రం బాగా తెలుసు. తొట్టిలో నీళ్లయిపోయి, పంపు నీటికి బదులు గాలి పీల్చేటప్పుడు అలాగే గుర్రుమంటుంది. మళ్లీ వస్తుందేమోనని మనసులో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... ఏడు దగ్గర ఇంకోసారి గుర్రుమంది. అది బుస కాదు. ఊపిరి అంతకన్నా కాదు.

"బావగారూ!" అని భుజం పట్టుకుని ఊపాడు. తల ఒక పక్కకి వేలాడిపోయింది.

"ఓలమ్మో! అలకేటండీ బాబూ, ఈయనకి గుండాగిపోనాది!" అని అరిచాడు రమణమూర్తి. మూడు వారాలు దాచుకున్న గొంతంతా ఒకేసారి బయటికొచ్చింది. షామియానా కింద వాళ్లు లేచి నిలబడ్డారు. "సందీపూ! అంబులెన్సుకి ఫోన్ సెయ్! గుండాగిపోనాదని సెప్పు!"

వియ్యంకుణ్ణి చంకల కింద చేతులు వేసి కుర్చీలోంచి ఎత్తి, అరటిపళ్ల గెల పక్కకి తన్ని, కటిక నేల మీద పడుకోబెట్టాడు. పడుకోబెట్టడం అంటే మర్యాదకి అనడం. కింద పడేశాడు. పట్టులాల్చీ గుండీలు మూడు టపటపా తెగిపోయాయి. రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి రొమ్ము ఎముక మీద మోపి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వేసి నొక్కాడు.

ఇదెక్కడి విద్య అంటారా? ఆర్నెల్ల కిందట ప్లాంటులో భద్రతా వారోత్సవాలు పెట్టి, డాక్టర్ హరిచందన అనే చిన్నపిల్ల చేత రబ్బరు బొమ్మ మీద నేర్పించారు. అందరూ బొమ్మని నాలుగు నొక్కులు నొక్కి, టీ తాగి పోయారు. రమణమూర్తి పోలేదు. పంపు అన్న మాట వినపడితే ఆయన్ని కదపడం ఎవరి తరమూ కాదు.

"నొక్కితే రక్తం ముందుకెల్తాది, బాగుంది. మరి ఎనక్కెందుకు రాదమ్మా?" అని అడిగాడు.

"లోపల కవాటాలున్నాయి కదండీ. ఒకవైపే తెరుచుకుంటాయి."

"నాన్ రిటర్న్ వాల్వులు! అలా సెప్పండి. సరే, ముందుకెల్లిపోనాది. మళ్లీ నింపేదెవులు?"

"మీరే నింపాలి, వదలడంతో" అందా పిల్ల ఓపిగ్గా. నొక్కినప్పుడు రొమ్ము ఎముకకీ వెన్నెముకకీ మధ్య గుండె నలుగుతుంది. కుడివైపు రక్తం ఊపిరితిత్తులకీ, ఎడమవైపు రక్తం ఒంట్లోకీ, తలకీ పోతుంది. చేతులు పూర్తిగా వదిలితే ఛాతీ తనంతట తాను పైకి లేస్తుంది. అప్పుడు లోపల ఒత్తిడి తగ్గి, ఒంట్లోని రక్తం మళ్లీ గుండెలోకి వచ్చి చేరుతుంది. గుండె కండకి తన సొంత తిండి అందేది కూడా ఆ వదిలిన క్షణంలోనే. "కొందరు గుండె ఒక్కటే కాదు, ఛాతీ మొత్తం నలిగి ఆ ఒత్తిడికే రక్తం కదులుతుందంటారు, గుండె అప్పుడు ఊరికే గొట్టంలా ఉంటుందంటారు. రెండూ జరుగుతాయేమో" అని కూడా అంది. ఆ చివరి మాట పట్టుకుని రమణమూర్తి పంపుహౌస్‌లో వారం రోజులు అందరితోనూ తగువులాడాడు.

ఇప్పుడు ఆ తగువు ఎవరిక్కావాలి? కింద ఉన్నది బొమ్మ కాదు, వియ్యంకుడు. కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవలసిన మనిషి.

"ఓరి నాయనో! మా బావని కొడుతున్నాడ్రోయ్!" అని గంగాధరరావు పెట్టిన కేకకి జనం గుమ్మంలో కిక్కిరిశారు. కేక పెట్టిన ఆ నూట పది కిలోల మనిషే వెనకనుంచి వచ్చి రమణమూర్తి నడుం పట్టుకుని లాగాడు. రమణమూర్తి చేతులు ఛాతీ మీదనుంచి జారాయి. ఒక ముసలాయన ఇనప తాళాలు చేతిలో పెట్టమన్నాడు. ఇంకొకావిడ ఉల్లిపాయ తెమ్మంది. అది మూర్ఛకనీ, దీనిక్కాదనీ వాళ్లలో వాళ్లకి వాదన పడింది.

"వదలండి సార్! ఆపితే సస్తాడు!" అని రమణమూర్తి పెనుగులాడాడు. మర్యాద ఎప్పుడో మంటగలిసింది. "నాను ఆపితే ఆయన సచ్చిపోతాడు!"

గౌరీశ్వరి ఇత్తడి పన్నీరుబుడ్డి ఎత్తి పట్టుకుని గంగాధరరావు మీదికొచ్చింది. అవతలివాళ్లలో ఇద్దరు ఆవిడకి అడ్డొచ్చారు. ఇంకొక్క నిమిషమైతే ఆ గదిలో ఏమయ్యేదో చెప్పలేం. సరిగ్గా అప్పుడు వెంకటరమణమ్మగారు నీళ్లగ్లాసుతో జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నేల మీద మొగుణ్ణి చూసింది. గ్లాసు కిందపడింది. కానీ ఏడవలేదావిడ.

"అన్నయ్యగారూ, ఏం చేస్తున్నారండీ ఆయన్ని?"

రమణమూర్తి ఒక్క గుంజు గుంజుకుని మళ్లీ మోకాళ్ల మీద కూలబడి నొక్కడం మొదలెట్టాడు. నొక్కుతూనే చెప్పాడు. "గుండె ఆగిపోనాదమ్మా... నాను నొక్కితే... రక్తం తలకెల్తాది... వదిల్తే... మళ్లీ నిండతాది... ఆపితే మాత్రం... ఒత్తిడి పడిపోద్ది... మళ్లీ మొదట్నుంచీ... పంపు ఎక్కించాలి..."

ఆవిడకి ఎంత అర్థమైందో ఏమో గానీ తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, ఆయన జోలికెళ్లావంటే నా మీద ఒట్టే. పోయి అవతల నిలబడు."

అన్నదో లేదో, రమణమూర్తి చేతుల కింద టక్కుమంది. ఎముక. గదిలో ఉన్న యాభై మందికీ వినపడింది. పెళ్లిచూపుల్లో కాఫీ గ్లాసు కిందపడితేనే నెలరోజులు చెప్పుకునే జనం, వియ్యంకుడి ఎముక విరిగితే ఏమంటారో ఊహించుకోండి. ఒక్కరూ ఏమీ అనలేదు. ఎముక విరిగినా ఆపొద్దని రమణమూర్తికి హరిచందన మరీ మరీ చెప్పింది. ఆపలేదు. ఇంకోసారి టక్కుమంది. అప్పుడూ ఆపలేదు గానీ కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి.

రెండు నిమిషాలకి చేతుల్లో సత్తువ అయిపోయింది. నొక్కుడు లోతు తగ్గుతోందని ఆయనకే తెలుస్తోంది. సందీప్ గుమ్మంలో ఫోను చెవికి పెట్టుకుని, అంబులెన్సువాళ్లకి దారి చెబుతూ ఏడుస్తున్నాడు. సత్యశ్రీ ముందుకొచ్చి కూర్చుని నొక్కింది గానీ పిల్ల నలభై ఎనిమిది కిలోలు, ఆ ఛాతీ కదల్లేదు.

"ఏమండోయ్, రండి" అన్నాడు రమణమూర్తి గంగాధరరావుతో. "మీ బరువు ఇయ్యాళ పనికొస్తాది."

గంగాధరరావు వచ్చి కూర్చున్నాడు. చేతులు పెట్టాడు. నొక్కాడు. నొక్కినవాడు నొక్కినట్టే బావ మీద వాలిపోయి భోరుమన్నాడు.

"లేవండి బాబూ! మీరలా పడుకుంటే లోపలికి రక్తం ఎలా వస్తాది? నొక్కండి, వదలండి. చేతులు అక్కడే ఉండాలి, బరువు మాత్రం పూర్తిగా తియ్యాలి."

"పెద్దాయనండి... నొక్కడానికి చెయ్యి రావట్లేదండి..."

"అయితే క్షమాపణ అడుగుతా నొక్కండి!"

పాపం, నిజంగానే అడిగాడు. "క్షమించు" అని ఒక నొక్కు, "బావా" అని ఒక నొక్కు. క్షమించు, బావా, క్షమించు, బావా. రమణమూర్తి గోడ గడియారం చూసి లెక్కపెడితే నిమిషానికి నూట పది. డాక్టరమ్మ నూటికి తగ్గకూడదు, నూట ఇరవై దాటకూడదంది. ఇంతకన్నా కొలిచినట్టు ఎవరు చేస్తారు? రెండు నిమిషాలకొకసారి ఇద్దరూ మారారు. రమణమూర్తికి మాత్రం క్షమాపణ అడిగే ఊపిరి కూడా లేదు. నొక్కిన ప్రతిసారీ ఆయన కళ్లకి ఒకటే కనిపిస్తోంది. చీకట్లో నాలుగు గదులు, ఒకవైపే తెరుచుకునే తలుపులు, ఇంత రక్తం తలకి, ఇంత మళ్లీ వెనక్కి. పో తల్లీ, పో. తలకి పో. రా, మళ్లీ రా.

పంతులుగారు గుమ్మంలోంచి తల పెట్టారు. "అమ్మా, ముహూర్తం ఇంకా పావుగంటే..." అని, ఎవరూ ఏమీ అనకముందే తనే తల వెనక్కి తీసుకున్నారు.

పదకొండు నిమిషాలకి అంబులెన్సొచ్చింది. వాళ్లు ఛాతీకి బిళ్లలు అతికించి, అందర్నీ దూరం జరగమని కరెంటు పెట్టారు. మొదటిసారి ఏమీ కాలేదు. గంగాధరరావు మళ్లీ క్షమాపణలు మొదలెట్టాడు. రెండోసారి పెట్టాక, ఆ కుర్రాడు మెడ మీద వేళ్లు పెట్టి చూసి, "వచ్చింది" అన్నాడు. ఆ ఒక్క మాటకి రమణమూర్తి అరటిగెల పక్కనే కూలబడి, అంత జనంలోనూ నోరు తెరిచి ఏడిచాడు. అంబులెన్సు ఎన్.ఏ.డి. కూడలి మీదుగా సీతమ్మధార ఆసుపత్రికి పోయింది. ముహూర్తం ఎప్పుడు దాటిందో ఎవరూ చూడలేదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. పెద్దాయన గుండె రక్తనాళంలో అడ్డు తీసి స్టెంటు వేశారు, స్పృహ ఇంకా పూర్తిగా రాలేదు, డొక్కలో నాలుగు ఎముకలు విరిగాయి అని కబురొచ్చింది. సాయంత్రానికి ఆ కబురు రాజమండ్రి చేరింది. రామచంద్రపురం చేరేసరికి, కాఫీ దగ్గర మాట పెరిగి పెళ్లికూతురి తండ్రి వియ్యంకుణ్ణి కింద పడేసి నాలుగు ఎముకలు విరగ్గొట్టాడని అయింది. సందీప్ పెదనాన్న ఫోన్ చేసి, "కేసు పెట్టారాండి?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

రమణమూర్తికి మూడు రోజులు అన్నం సయించలేదు. డ్యూటీకెళ్తే చెయ్యి ఏ హ్యాండిల్ మీద పెట్టినా ఆ టక్కుమనే చప్పుడే గుర్తొచ్చేది. "ఇంకొంచెం మెల్లగా నొక్కాల్సిందేమో" అని భార్యతో అన్నాడు. "మెల్లగా నొక్కుంటే ఈపాటికి పన్నెండోరోజు ఏర్పాట్లు మాటాడుకుందుము" అంది గౌరీశ్వరి. ధైర్యమే చెప్పింది గానీ ఆవిడా రాత్రుళ్లు నిద్రపోవడం లేదు. సత్యశ్రీ పెళ్లి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ పిల్ల రోజూ ఆసుపత్రికి పోయి, కాబోయే అత్తగారికి అన్నం తినిపించి వస్తోంది.

నాలుగోరోజు పొద్దున్న గంగాధరరావు ఫోన్ చేశాడు. "బావ మిమ్మల్ని రమ్మంటున్నాడండి. ఒక్కళ్లనే."

"కోపంగా ఉన్నారేటండీ?"

"తెలీదండి. మా బావ మొహం చూసి ఏదీ చెప్పనని ఒట్టేసుకున్నానండి."

ఐసీయూలో చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, రమణమూర్తి మంచం పక్కకెళ్లి నిలబడ్డాడు. నరసింహమూర్తిగారి ఛాతీకి వైర్లు. మొహం పీక్కుపోయింది. గడ్డం మాసింది. ముడతలు లేని చొక్కా లేకుండా ఆయన్ని చూడడం అదే మొదలు.

"బావగారూ, మరేటి సెప్పాలో నాకు తెలీదు" అన్నాడు రమణమూర్తి. "నాలుగు ఎముకలు నా సేతుల్తో ఇరగ్గొట్టీసాను. మీకు మర్యాద తక్కువ సేసిందీ నానే. మీరలిగితే ఎందుకో కూడా కనిపెట్టలేకపోనాను."

"నేనలగలేదండి" అన్నారు నరసింహమూర్తిగారు. గట్టిగా మాట్లాడితే డొక్క పోట్లు, అందుకని మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నారు. "గుండెల్లో మంటెట్టిందండి. దవడ లాగేసింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెబితే ముహూర్తం ఆపేస్తారండి. పిల్లలిద్దరూ అంత ముచ్చటగా ఉన్నారు కదా, ఆ ఒక్క గంటా ఓర్చుకుందామనుకున్నానండి."

కాఫీకీ, ఫ్లెక్సీకీ రమణమూర్తి దండాలు పెడుతున్నంతసేపూ ఈ మనిషి సత్యశ్రీ ముహూర్తాన్ని కాపాడుతూ చచ్చిపోతున్నాడన్నమాట.

"ఎంతసేపు నొక్కారండి?" అన్నారాయన.

"పదకొండు నిమిషాలండి. గంగాధరరావు గారూ నానూనూ."

నరసింహమూర్తిగారు వైర్లున్న చెయ్యి మెల్లగా ఎత్తారు. రమణమూర్తి చెయ్యి పట్టుకుని, వెతుక్కుని వెతుక్కుని, తన ఛాతీ మీద సరిగ్గా మధ్యన పెట్టుకున్నారు. ఆ అరచేతి కింద అది ఎవర్నీ అడగకుండా, ఎవరి సాయమూ లేకుండా, తన పని తాను చేసుకుంటోంది.

"నొక్కకండేం" అన్నారు కళ్లు మూసుకుని.

రమణమూర్తి నొక్కలేదు. చెయ్యి తియ్యనూ లేదు. నర్సు వచ్చి టైమైపోయిందని చెప్పేదాకా అలాగే నిలబడి ఏడుస్తూనే ఉన్నాడు.